జంప్ దగ్గర వెనక చక్రం ఎగదన్నుతోంది. తప్పు సైకిల్‌దా, నాదా?

సియాటిల్ పక్కన ఇసాక్వాలో ఉంటున్న ఒకాయన చాలా పెద్ద ఉత్తరం రాశారు. అందులో ముఖ్యమైన సంగతులు ఇవీ. వయసు 41, సాఫ్ట్‌వేర్ ఉద్యోగం, హెల్మెట్టూ బ్యాగూ కలుపుకుని బరువు 84 కిలోలు. కొడుకుని డ్యూతీ హిల్ మౌంటెన్ బైక్ పార్కుకి తీసుకెళ్తూ తీసుకెళ్తూ తనకీ ఇష్టం పుట్టింది. బాబుకి 11 ఏళ్లు, వాడు మట్టి దిబ్బల మీంచి ఎగురుతుంటే చూస్తూ ఊరుకోలేక తనూ ఎగరడం మొదలుపెట్టారు. మొన్న చలికాలంలో సెకండ్‌హ్యాండ్‌లో ఒక ఫుల్ సస్పెన్షన్ సైకిల్ (ముందూ వెనకా కుదుపు తీసుకునే గాలి స్ప్రింగులున్నది) కొన్నారు, ముందు ఫోర్క్ 150 మి.మీ. దిగుతుంది, వెనక చక్రం 140. చిన్న దిబ్బల మీద బాగానే ఉంది. కాస్త నిటారుగా ఉన్న టేబుల్‌టాప్ మీదకి వెళ్తే మాత్రం (టేబుల్‌టాప్ అంటే ఎక్కే వాలు, పైన చదును, దిగే వాలు ఉన్న దిబ్బ) గాల్లోకి లేచే క్షణంలో ఎవరో కింద నుంచి తన్నినట్టు వెనక చక్రం పైకి లేస్తోంది, ముందు చక్రం కిందకి వంగిపోతోంది. మే నెలలో అలాగే హ్యాండిల్ మీంచి ముందుకి పడ్డారు. ఎక్స్‌రేలో ఏమీ లేదన్నారట, కానీ ఐదు వారాలైనా చేతి బొటనవేలి మొదట్లో నొక్కితే నొప్పి. హెల్మెట్‌కి "చిన్న గీత" పడింది, అదే వాడుతున్నారు.

ఒక ఫ్రెండ్ ఫోర్క్‌లో గాలి పెంచమన్నాడు, వెనక రీబౌండ్ (నలిగిన స్ప్రింగ్ తిరిగి సాగే వేగాన్ని పట్టి ఉంచేది) మొత్తం వదిలేస్తే పైకి బాగా లేస్తుందన్నాడు. రెండూ చేశారు, ఇంకా ఎక్కువైంది. ఇంకో ఫ్రెండ్ "సస్పెన్షన్ కాదు, నీ టెక్నిక్కే" అన్నాడు. షాపువాళ్లు కొత్త షాక్ (వెనక చక్రం కుదుపు తీసుకునే స్ప్రింగ్ భాగం) వేసుకోమన్నారు, 600 డాలర్లు. ఆగస్టులో నాలుగు కుటుంబాలు కలిసి కెనడాలో విస్లర్ బైక్ పార్కుకి వెళ్లాలని బుకింగులు అయిపోయాయి. మే నెలలో పడ్డప్పుడు దగ్గరే ఉండి చూసిన భార్య "నువ్వూ ఎగరక్కర్లేదు, వాడూ ఎగరక్కర్లేదు" అంటున్నారు, ఇంట్లో రోజూ అదే టెన్షన్. ఉత్తరం చివర్లో ఒక్క వాక్యం: "బాబు సైకిల్‌కి కూడా నా సైకిల్ అంకెలే పెట్టాను, చేతులు నొప్పులంటున్నాడు, అలవాటవుతుందిలే అన్నాను." షాక్ కొనాలా, టెక్నిక్ నేర్చుకోవాలా, విస్లర్ మానుకోవాలా అని అడుగుతున్నారు.

ముందు మీ చెయ్యి సంగతి. బొటనవేలి కింద మణికట్టు దగ్గర స్కాఫాయిడ్ అని చిన్న ఎముక ఉంటుంది. చెయ్యి ఆనించి పడ్డప్పుడు తరచుగా విరిగే ఎముక అది, మొదటి ఎక్స్‌రేలో కనబడకుండా తప్పించుకోవడం కూడా దానికి మామూలే. అతక్కుండా అలాగే వదిలేస్తే కొన్నేళ్లకి మణికట్టు కీలు అరిగిపోతుంది. మీకు అదే అయిందని నేననను, కానీ ఐదు వారాల తర్వాత కూడా సరిగ్గా అక్కడే నొప్పి అంటే మళ్లీ చూపించుకోవాల్సిందే, ఎంఆర్‌ఐ అవసరమా అని మీరే అడగండి. హెల్మెట్ కూడా మార్చేయండి. లోపలి ఫోమ్ దెబ్బని తీసుకుని నలిగిపోతుంది, రెండోసారి తీసుకోలేదు, పైకి గీత చిన్నదా పెద్దదా అన్నదాన్ని బట్టి అది తెలియదు. ఇకమీదట నేను రాసేదాంట్లో దిబ్బల మీదకి వెళ్లే పనులన్నీ డాక్టర్ సరేనన్నాకే. గరాజ్‌లో చేసే పనులు మాత్రం ఇవాళే మొదలెట్టొచ్చు.

మీరు కొలతలు రాయడం చాలా మంచి పనైంది, నా జవాబులో సగం వాటిల్లోనే ఉంది. తొక్కేటప్పుడు వేసుకునేవన్నీ వేసుకుని సైకిల్ మీద కదలకుండా నిలబడితే స్ప్రింగ్ ఎంత దిగుతుందో దాన్ని సాగ్ అంటారు. మొత్తం దిగగలిగినదాంట్లో అది ఎంత శాతం అన్నది లెక్క. ఇలాంటి సైకిల్‌కి ముందు 15 నుంచి 20 శాతం, వెనక 25 నుంచి 30 శాతం దగ్గర మొదలుపెడతారు. మీ ఫోర్క్ 150లో 15 మి.మీ. దిగుతోందన్నారు, అంటే 10 శాతం. వెనక షాక్ స్ట్రోక్ (చక్రం 140 కదిలినా షాక్ తను దిగేది ఇంతే) 55లో 20 దిగుతోంది, అంటే 36 శాతం. ముందు రాయి, వెనక దూది. రైడ్ అయ్యాక ఫోర్క్ మీది ఓ-రింగ్ (ఎంత లోతు దిగిందో చూపే రబ్బరు రింగు) 100 దగ్గరే ఆగుతోందనీ, షాక్ మీది మాత్రం ప్రతిసారీ చివరిదాకా పోతోందనీ రాశారు కదా, అదీ ఇదే మాట చెబుతోంది.

ఇప్పుడు ఆ తన్ను ఎక్కణ్ణుంచి వస్తోందో చూడండి. నిటారు టేకాఫ్ (దిబ్బ ఎక్కే వాలు) ఎక్కుతున్నప్పుడు నేల మిమ్మల్ని పైకి తోస్తుంది, వంపు ఎంత బిగుతుగా ఉంటే అంత గట్టిగా. ఆ క్షణానికి మీ బరువు పెరిగినట్టే లెక్క, రెండు స్ప్రింగులూ నలుగుతాయి. మీ ఫోర్క్ గట్టిగా ఉంది కాబట్టి పెద్దగా నలగదు. వెనకది అప్పటికే మూడో వంతు దాటి దిగి ఉంది, ఇంకా లోతుకి వెళ్లి ఆ శక్తంతా దాచుకుంటుంది. ముందు చక్రం అంచు దాటి గాల్లోకి వెళ్లిపోయాక కూడా వెనక చక్రం ఒక క్షణం దిబ్బ మీదే ఉంటుంది, సరిగ్గా అప్పుడే ఆ షాక్ దాచుకున్నదంతా తిరిగి ఇచ్చేస్తుంది. అలా ఒక్కసారిగా తిరిగి సాగకుండా లోపల నూనెతో పట్టి ఉంచేదే రీబౌండ్. మీరు దాన్ని పూర్తిగా వదిలేశారు. స్ప్రింగ్ ఠక్కున సాగి వెనక భాగాన్ని పైకి నెడుతుంది, ముందు చక్రం కింద ఆనుకోవడానికి నేల లేదు, సైకిల్ మొత్తం ముందుకి తిరుగుతుంది.

మీ ఫ్రెండ్ చెప్పిన రెండూ విడిగా చూస్తే తప్పుడు సలహాలేం కావు. బ్రేకు వేసినప్పుడల్లా ఫోర్క్ మరీ కూరుకుపోయేవాళ్లు ముందు గాలి పెంచుకుంటారు. అంచు దగ్గర కాళ్లతో నొక్కి సరైన సమయానికి లేవడం బాగా వచ్చినవాళ్లు వెనక రీబౌండ్ కాస్త వేగంగా ఉంచుకుంటారు, వాళ్లకి ఆ తోపు పనికొస్తుంది. మీ సైకిల్ కొలవకుండా చెప్పడం వల్ల వచ్చింది చిక్కు. రెండూ ఒకేసారి మార్చడంతో ఏది చెడగొట్టిందో మీకూ తెలియకుండా పోయింది.

గరాజ్‌లో మొదట చేయాల్సింది ఒక చిన్న పరీక్ష. షాక్ మీద ఎర్ర నాబ్ సాధారణంగా రీబౌండ్‌ది. దాన్ని సవ్యదిశలో మెల్లగా ఆగేదాకా తిప్పండి, బలవంతం చేయొద్దు. సీటు మీద గట్టిగా నొక్కి వదలండి, వెనక భాగం బద్ధకంగా, నెమ్మదిగా లేవాలి. తర్వాత పూర్తిగా వదిలి మళ్లీ నొక్కండి, ఈసారి ఠక్కున లేవాలి. రెండింటికీ తేడా స్పష్టంగా కనబడాలి. తేడా లేకపోయినా, నొక్కినప్పుడు లోపల గుజగుజమని చప్పుడు వచ్చినా నూనె ఉన్న భాగం దెబ్బతిన్నట్టే, అలాంటప్పుడు ఎన్ని క్లిక్కులు తిప్పినా లాభం లేదు, నేరుగా సర్వీసుకి ఇచ్చేయండి. సెకండ్‌హ్యాండ్‌లో కొన్నది కాబట్టి ఇది ముందే తేల్చుకోవడం మంచిది.

పరీక్ష పాసైతే సాగ్. షాక్ పంపుతో వెనక 10 పిఎస్ఐ (గాలి ఒత్తిడి కొలత) పెంచండి, పంపు తీసేసి పది పదిహేను సార్లు నెమ్మదిగా కిందకీ పైకీ నొక్కండి. షాక్‌లో అటూ ఇటూ రెండు గాలి గదులుంటాయి, అలా నొక్కితేనే రెండూ సమానమవుతాయి, లేకపోతే కొలత తప్పొస్తుంది. పంపు విప్పేటప్పుడు ఫుస్సుమని గాలి పోయినట్టు వినబడుతుంది, అది పంపు గొట్టంలోదే, కంగారుపడి మళ్లీ కొట్టకండి. ఓ-రింగ్‌ని సీల్ దగ్గరికి జరిపి, పక్కన ఒకరు హ్యాండిల్ పట్టుకోగా పెడల్స్ మీద నిలబడి, కుదుపు లేకుండా దిగి కొలవండి. వెనక 15, 16 మి.మీ. దగ్గరికి రావాలి. ముందు 5 పిఎస్ఐ చొప్పున తగ్గిస్తూ 25, 27 దగ్గరికి తీసుకురండి. టేకాఫ్‌ల మీద ఎక్కువ తిరిగేవాళ్లకి ఇంకాస్త గట్టిగా ఉంటే నచ్చుతుంది, కానీ మీరు ముందు మధ్యలో నిలబడి అక్కణ్ణుంచి అటో ఇటో జరగడం నయం.

గాలి మార్చిన ప్రతిసారీ రీబౌండ్ కూడా మళ్లీ చూసుకోవాలి, చాలామంది మరిచిపోయేది ఇదే. గాలి పెరిగిన స్ప్రింగ్ తిరిగి తోసేటప్పుడు కూడా గట్టిగానే తోస్తుంది, దాన్ని పట్టడానికి ఇంకో క్లిక్కో రెండో బిగించాల్సి వస్తుంది. పేవ్‌మెంట్ అంచు మీంచి సీటు మీద కూర్చునే మెల్లగా కిందకి దిగి చూడండి. వెనక భాగం నలిగి, లేచి, ఒక్కసారి కాస్త దాటి, నిలబడిపోవాలి. రెండు మూడు సార్లు ఊగితే ఇంకా వేగంగా ఉన్నట్టు. అసలు ఊగకుండా ఈడ్చుకుంటూ లేస్తే మరీ బిగించేసినట్టు. క్లిక్కులు ఎప్పుడూ పూర్తిగా బిగించిన చోటు నుంచి వెనక్కి లెక్కపెట్టి ఫోన్‌లో రాసుకోండి.

తన్ను పోవాలని రీబౌండ్ మొత్తం బిగించేసే ప్రమాదం కూడా ఉంది, అది ఇంకో రకం తంటా తెస్తుంది. చెట్ల వేళ్లూ రాళ్లూ వరసగా వచ్చే చోట షాక్ ఒక దెబ్బ తిని తేరుకునేలోపే రెండోది తగులుతుంది, మూడోది తగిలేసరికి అది కిందే ఉండిపోయి గట్టిపడుతుంది. టేకాఫ్ దగ్గర సైకిల్ జీవం లేనట్టుగా ఉంటుంది, అనుకున్నంత దూరం పోదు, దిగే వాలు అందక చదును మీద పడతారు. అందుకని మీకు తెలిసిన చిన్న టేబుల్‌టాప్ ఒకటి ఎంచుకుని, అదే వేగంతో, ఒక్క క్లిక్ మార్చి, మళ్లీ అదే దిబ్బ. తన్ను ఎక్కడ ఆగుతుందో, సైకిల్ ఎక్కడ చచ్చుబడుతుందో రెండూ తెలిశాక మధ్యలో పెట్టుకోండి.

ఎండ సంగతి కూడా గుర్తుంచుకోండి. పొద్దున 10 డిగ్రీల చలిలో ఫోర్క్‌లో 85 పిఎస్ఐ పెడితే మధ్యాహ్నం 30 డిగ్రీలకి అది 92 దాకా పోతుంది. గరాజ్‌లో బాగున్న సైకిల్ పార్కులో గట్టిగా అనిపిస్తే అనుమానపడకుండా మళ్లీ కొలవండి.

ఓ-రింగ్ చివరిదాకా పోవడం గురించి కూడా అడిగారు. సాగ్ సరిచేశాక అది చాలావరకు తగ్గుతుంది. చదును మీద పడ్డ రోజున చివరిదాకా పోతే అది షాక్ లోపం కాదు, అంత లోతుదాకా దిగే వీలు ఉన్నది అలాంటి దెబ్బ కోసమే. దిగే వాలు మీద చక్కగా దిగుతూ కూడా మాటిమాటికీ అడుగు తగులుతుంటే అప్పుడు గాలి గదిలో ప్లాస్టిక్ స్పేసర్ ఒకటి వేయిస్తారు. గది చిన్నదవుతుంది, మొదట్లో మెత్తదనం దాదాపు అలాగే ఉండి చివర్లో గట్టిపడుతుంది. మీకంటే ముందున్న యజమాని ఎన్ని వేశాడో తీసేశాడో విప్పితే గానీ తెలియదు, షాపువాళ్లతో ఒకసారి చూపించుకోండి. నీలం నాబ్, అంటే కంప్రెషన్ (నలిగేటప్పుడు పట్టి ఉంచేది), ప్రస్తుతానికి ముట్టుకోకండి.

టెక్నిక్ అన్న రెండో ఫ్రెండ్ మాట కొంత నిజమయ్యే అవకాశం ఉంది. ఒకసారి తన్ను తిన్నవాడు రెండోసారి టేకాఫ్ దగ్గరికి వచ్చేసరికి తెలియకుండానే వెనక్కి కూర్చుంటాడు, చేతులు చాచేస్తాడు, మోకాళ్లు వదిలేస్తాడు. చేతులు చాచి ఉంటే గాల్లో హ్యాండిల్‌ని ఎటూ కదపలేరు. మోకాళ్లు వదిలేస్తే వెనక భాగం పైకి రావడానికి మీరే దారి ఇచ్చినట్టు. వాలు ఎక్కేటప్పుడు పెడల్స్‌ని గట్టిగా తొక్కిపట్టి, అంచు దగ్గరికి వచ్చేసరికి కాళ్లు సాగి ఉండాలి, నడుము పెడల్స్ మీదుగా ఉండాలి. ఇవాళ మీ సైకిలే మీకు భయం నేర్పుతోంది, ఆ భయంతో మీ ఒళ్లు తప్పు చేస్తోంది, అందుకే ఏది ఎంతో విడదీయలేకపోతున్నారు. సైకిల్ సరిచేశాక పక్కనుంచి వీడియో తీయించుకోండి. మీ బరువే ఉన్న, బాగా ఎగరడం వచ్చిన మనిషిని మీ సైకిల్ మీద అదే దిబ్బ ఎక్కమనండి, అతనికీ తన్నితే ఇంకా సెట్టింగే, అతనికి తన్నకపోతే నేర్చుకోవాల్సింది మీరు. డ్యూతీ హిల్ కట్టడంలో చెయ్యున్న ఎవర్‌గ్రీన్ మౌంటెన్ బైక్ అలయన్స్ వాళ్లు క్లాసులు చెబుతారు. పెద్దవాళ్లు ఈ పని యూట్యూబ్‌లో చూసి నేర్చుకోవడం కంటే పక్కన నిలబడి చూసేవాళ్ల దగ్గర నేర్చుకోవడం మేలని గట్టిగా నమ్ముతాను.

ఇక మీరు ఒక్క వాక్యంలో దాటేసిన విషయం. అన్నిటికంటే ముందు సరిచేయాల్సింది బాబు సైకిల్. మీ బరువుకే ఎక్కువైన గాలి, మీ బరువులో సగం కూడా ఉండని పిల్లాడి ఫోర్క్‌లో పెట్టారు. అది వాడి కింద కదలనే కదలదు. దారిలో ప్రతి రాయీ, ప్రతి దిగుడూ నేరుగా వాడి అరచేతుల్లోకి వస్తోంది, చేతులు నొప్పులనడం అందుకే. ఇది అలవాటయ్యే నొప్పి కాదు, కాకూడదు కూడా. ఇవాళ సాయంత్రమే వాణ్ణి హెల్మెట్‌తో సైకిల్ మీద నిలబెట్టి అవే శాతాలు వచ్చేదాకా గాలి తీసేయండి, చాలా తీయాల్సి వస్తుంది, భయపడొద్దు. రీబౌండ్ విషయంలో వాడిది మీకు తలకిందులు. అంత తక్కువ గాలితో స్ప్రింగ్ బలహీనంగా తిరిగొస్తుంది కాబట్టి తేలిక పిల్లలకి రీబౌండ్ దాదాపు పూర్తిగా వదిలి ఉండటమే మామూలు. అంటే మీ సైకిల్ మీద చెడగొట్టిన ఆ వదిలేసిన రీబౌండ్ వాడికి సుమారుగా సరిపోవచ్చు, పేవ్‌మెంట్ పరీక్ష వాడితోనూ చేయించి చూడండి. టైర్లలో కూడా మీ అంత గాలి వాడికి అక్కర్లేదు. పిల్లలు ఎదుగుతారు, సీజన్ మొదట్లో ఒకసారి, మధ్యలో ఒకసారి మళ్లీ కొలవాలి.

కొత్త షాక్ ఇప్పుడే కొంటే అందులోనూ గాలి పెట్టాలి, రీబౌండ్ తిప్పాలి, తప్పుగా పెడితే 600 డాలర్లదీ ఇలాగే తన్నుతుంది. సర్వీసు ఖర్చు దానికంటే చాలా తక్కువ. ఫాక్స్ కంపెనీ తన సస్పెన్షన్‌ని 125 గంటల రైడింగ్‌కో ఏడాదికో, ఏది ముందైతే అప్పుడు, పూర్తిగా సర్వీసు చేయించమంటుంది. ఇంకో కంపెనీ రాక్‌షాక్స్ ఫోర్క్ కింది గొట్టాలకి 50 గంటలకే చేయించమంటుంది. పాత యజమాని చేయించిన రసీదు మీ దగ్గర లేకపోతే చేయించలేదనే అనుకోండి. సర్వీసు అయ్యాక, సాగ్ కుదిరాక కూడా నాబ్ పరిధిలో మీకు కావాల్సిన వేగం దొరక్కపోతే అప్పుడు కొత్తదాని గురించి ఆలోచించండి, అప్పటికి ఏం కావాలో మీకే స్పష్టంగా తెలుస్తుంది.

విస్లర్ సంగతి. వెళ్లి, మీరూ ఎగరాలనుకుంటే డాక్టర్ మాట స్పష్టంగా రావాలి, అంతకుముందు డ్యూతీలోనే సరిచేసిన సైకిల్ మీద నమ్మకం కుదరాలి. అక్కడ కూడా అందరూ చెప్పుకునే ఎ-లైన్ అనే దారి మీదకి మొదటిరోజే వెళ్లొద్దు, అది బ్లాక్ డైమండ్, అంటే కష్టమైనది, వెనక నుంచి వేగంగా వచ్చేవాళ్లుంటారు. బి-లైన్, క్రాంక్ ఇట్ అప్ రెండూ బ్లూ, అంటే మధ్యరకం, అక్కడ మొదలుపెట్టండి. టేబుల్‌టాప్ అయితే ఎగరాలనిపించకపోతే చక్రాలు నేల మీదే ఉంచి దాటేయొచ్చు, గ్యాప్ జంప్‌కి (మధ్యలో ఖాళీ ఉన్నదానికి) ఆ వీలు లేదు, తేడా బాబుకి కూడా ముందే చెప్పండి. ఆగస్టుకల్లా మలుపుల ముందు బ్రేకులు వేసీ వేసీ నేల గతుకులు పడి ఉంటుంది, అక్కడ రీబౌండ్ ఒక క్లిక్ వదలాల్సి రావచ్చు.

వెళ్లి, మీరు ఎగరకుండా తేలిక దారుల్లో తొక్కి, బాబుని అక్కడి కోచ్‌లకి అప్పగించడం ఇంకో పద్ధతి. మీకు కష్టంగానే ఉంటుంది, మిగతావాళ్లు దూకుతుంటే చూస్తూ నిలబడాలి. కానీ ట్రిప్పు పోదు, డబ్బూ పోదు. అయితే చేతికి ఇదీ విశ్రాంతి కాదు, లిఫ్ట్ ఎక్కి రోజంతా దిగుతూ ఉంటే బ్రేకులు పట్టీ పట్టీ బాగున్న మణికట్టే నొప్పెడుతుంది. ఎముక విరిగిందని తేలితే మీరు కింద కుర్చీలో కూర్చోవాల్సిందే, బాబు మాత్రం తొక్కొచ్చు. నన్నడిగితే, చెయ్యి బాగానే ఉందన్నా సరే, ఈ ఏడాదికి ఈ రెండో పద్ధతివైపే మొగ్గుతాను, ఎందుకంటే సైకిల్ సరిచేసుకుని, దాని మీద ఒళ్లు కుదుర్చుకోవడానికి మీకు మిగిలిన వారాలు తక్కువ. అయినా ఎంచుకోవాల్సింది మీరే.

మీ ఆవిడతో "ఏం కాదులే" అని వాదించకండి. సైకిల్ ఎప్పుడు తన్నుతుందో తెలియదని, చెయ్యి ఇంకా నొప్పిగా ఉందని, గీత పడ్డ హెల్మెట్టే పెట్టుకుంటున్నారని ఆవిడ కళ్లారా చూస్తున్నారు, అవన్నీ నిజాలే. డాక్టర్ దగ్గరికి ఇద్దరూ వెళ్లండి. బాబు సైకిల్ కొలిచేటప్పుడు హ్యాండిల్ పట్టుకోవడానికి ఒక మనిషి కావాలి, ఆవిడనే పిలవండి, ఓ-రింగ్ ముందు ఎక్కడుంది, గాలి తీశాక ఎక్కడికొచ్చింది ఆవిడే కొలవనివ్వండి. ఆ తర్వాత కూడా బాబు ఈ ఏడాది ఎగరొద్దనే అంటే, నీలం దారుల్లో ఎగరకుండా తొక్కడానికైనా ఒప్పుకుంటారేమో అడగండి, వాడికి ఇంకా చాలా ఆగస్టులున్నాయి.